తలకు దెబ్బ తగిలిన తరువాత: నిద్ర, బడలిక, మాటల చికిత్స

తెనాలి నుండి రేపల్లెకు, రేపల్లె నుండి బాపట్లకు పోవు దారులలో సాయంకాలపు వేళ తిరిగినవారికి అచటి రద్దీ సంగతి తెలియును. ధాన్యపు లారీలు, ట్రాక్టరులు, ఆటోలు, మోటారు సైకిళ్ళు, కాలువగట్టు వెంబడి ఇండ్లకు మరలు పశువులు, అన్నియు ఒకే దారిన నడచును. ఒంగోలు వైపు నుండి బాపట్ల, రేపల్లెల మీదుగా వచ్చి, పెనుమూడి, పులిగడ్డల నడుమ వంతెనపై కృష్ణను దాటి దివిసీమలో ప్రవేశించు 216వ నంబరు జాతీయ రహదారి మన ప్రయాణములను సులభము చేసినది. కాని వేగము పెరిగిన చోట జాగ్రత్త తగ్గినచో దెబ్బయు పెద్దదే యగును. ఆ దెబ్బ తలకు తగిలినచో దాని కథ ఆసుపత్రిలో ముగియదు; ఇంటికి వచ్చిన తరువాత మొదలగును.

తెనాలిలో చిల్లర వర్తకము చేయు నలువది యేండ్ల మనిషి యొకడు కలడనుకొందము. ఈతడు మన కల్పనలోని మనిషియే. కాని ఇట్టి కథ పలు కుటుంబములలో నిజముగా నడచుచున్నది. ఒకనాటి రాత్రి ఈతడు బండిపై నుండి పడినాడు. తలకు దెబ్బ తగిలినది. మూడు వారములు ఆసుపత్రిలో నుండి ప్రాణముతో ఇల్లు చేరినాడు. గాయము మానినది, కుట్లు విప్పినారు, నడక కుదిరినది, మాట స్పష్టమైనది. చూడవచ్చిన బంధువులందఱును దేవుడు చల్లగా చూచినాడని చెప్పి, ఇక భయము లేదని ధైర్యము పలికి పోయినారు.

నాలుగు నెలలు గడచినవి. ఇప్పుడా యింటిలో వేఱొక కష్టము. రాత్రి తొమ్మిది గంటలకు పడుకొన్న మనిషి పదకొండు దాటువఱకు దొర్లుచుండును. రెండు గంటలకు మరల మెలకువ వచ్చి కూర్చుండును. పగలు అంగడిలో నాలుగు బేరములు చేయునప్పటికి తల వాలిపోవును. ఇంటికి వచ్చి, భోజనము చేసి, సాయంకాలమువఱకు మంచము దిగడు. “పగలంతా పడుకుంటే రాత్రి నిద్రెట్లా వస్తుందిరా అబ్బాయ్” అని తల్లి కోప్పడును. తమ్ముడు పైకి అనడు గాని, అన్న పని తప్పించుకొనుచున్నాడని లోలోన అనుకొనును. భార్య వారందఱి నడుమ నలుగుచుండును. తుదకు ఆ మనిషికే తనపై అనుమానము పుట్టును: “నేను సోమరినై పోయితినా?”

ఈ ప్రశ్నకు నేటి వైద్యశాస్త్రము చెప్పు సమాధానము స్పష్టముగా నున్నది. ఇది సోమరితనము కాదు. తలదెబ్బ తరువాత వచ్చు నిద్రలేమియు బడలికయు దెబ్బలో భాగములే. అంతకంటె ముఖ్యమైన మాట మఱొకటి కలదు. ఈ బాధను తగ్గించు మార్గమున్నది. దానిలో అధిక భాగము మందుసీసాలో లేదు, మాటలోను నియమములోను ఉన్నది. ఆ మార్గమును గూర్చి చెప్పుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

మొదట మెదడులో జరుగునదేమో చూతము. మెదడు పుర్రెలో నీటిలో తేలియాడు మెత్తని పదార్థము. వేగముగా పోవుచున్న తల హఠాత్తుగా ఆగినప్పుడు మెదడు ఆగదు. ముందునకు జరిగి, మెలితిరిగి, వెనుకకు కొట్టుకొనును. ఆ కుదుపులో వేలకొలది సన్నని నరపు పోగులు సాగును, కొన్ని తెగును. ఇట్టి సూక్ష్మమైన గాయములు సి.టి. స్కాన్ బొమ్మలో కనబడకపోవచ్చును. “బొమ్మలో ఏమియు లేదు” అన్న మాటకు “బాధ లేదు” అని అర్థము కాదు.

మెదడు అడుగుభాగమున హైపోథాలమస్ అను చిన్న కేంద్రము కలదు. ఆకలి, దప్పిక, శరీరపు వేడిమి, నిద్ర, మెలకువ, వీనికెల్ల అది కాపలాదారు. మనలను మెలకువగా నుంచు ఒరెక్సిన్ అను రసాయనము అచటి కణములలోనే తయారగును. తలకు తీవ్రమైన దెబ్బ తగిలిన వారిలో ఈ రసాయనము తగ్గినట్లు పరిశోధకులు కనుగొన్నారు. చీకటి పడినప్పుడు శరీరమునకు రాత్రియైనదని తెలుపు మెలటోనిన్ కూడ కొందఱిలో తగ్గును. అనగా పగలు మేల్కొలుపు గంటయు, రాత్రి పరుండబెట్టు గంటయు రెండును సరిగా మ్రోగుట లేదు. దీనికి నొప్పులు, దిగులు, భవిష్యత్తును గూర్చిన భయము తోడగును. తలదెబ్బ తగిలిన వారిలో సుమారు సగము మందికి ఏదో యొక నిద్రబాధ కలుగునని 2012లో పలు పరిశోధనల ఫలితములను ఒకచోట చేర్చి చూచిన యొక సమీక్ష తేల్చినది.

ఇక బడలిక సంగతి. నిద్రమత్తు వేఱు, బడలిక వేఱు. నిద్రమత్తు కునుకు తీసినచో తీరును. బడలిక అట్లు తీరదు. దెబ్బకు పూర్వము మన వర్తకుడు ఒక చేత తూకము వేయుచు, మఱొక చేత చిల్లర ఇచ్చుచు, మూడవవానితో మాటలాడగలిగెడివాడు. అదంతయు మెదడు చడిచప్పుడు లేక చేసెడి పని. ఇప్పుడా త్రోవలు కొన్ని తెగినవి. మెదడు చుట్టుదారిన పోవలసి వచ్చినది. చేయు పని పాతదే. పడు శ్రమ రెండింతలు. బేరమాడువారి గోల, వీధిలోని హారను మ్రోత, లెక్కలో పొరపాటు రాకూడదన్న ఆందోళన, ఇవన్నియు ఆ కొద్ది శక్తిని త్రాగివేయును. పైకి చేతులు కాళ్ళు బాగుండుటచే చూచువారికి ఈ శ్రమ కనబడదు. కనబడని బాధకు సానుభూతి తక్కువ, నింద యెక్కువ.

అయినచో దెబ్బ మానుచుండగా ఈ బాధయు క్రమముగా తగ్గవలదా? కొందఱిలో తగ్గును. చాలమందిలో నెలలు, ఏండ్లు నిలుచును. ఎందువలన? ఆర్థర్ స్పీల్‌మన్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు 1987లో దీనికి సులభమైన వివరణ నిచ్చినాడు. నిద్రలేమికి మూడు కారణములుండును. మొదటిది మనిషి స్వభావము; కొందఱు పుట్టుకతోనే తేలికగా నిద్రించువారు, చీమ చిటుక్కుమన్న మేల్కొనువారు. రెండవది ఆరంభకారణము, ఇచట తలదెబ్బ అట్టిది. మూడవది నిలబెట్టు కారణము. అనగా నిద్ర రాని మనిషి నిద్రకొఱకు చేయు ప్రయత్నములే. రాత్రి నిద్ర చాలలేదని ప్రొద్దుపోయి లేచుట, పగలు గంటలకొలది పడుకొనుట, సాయంకాలము ఎనిమిది గంటలకే మంచమెక్కుట, గడియారము చూచుచు గుండె కొట్టుకొనుట, ఇవి యన్నియు అట్టి ప్రయత్నములే. ఆ ప్రయత్నములు సహజములే, కాని అవియే రోగమును పోషించును. మొదటి కారణమును మార్చలేము. రెండవది జరిగిపోయినది. మూడవది మాత్రము మన చేతిలో నున్నది. మాటల చికిత్స పట్టుకొనునది ఈ మూడవ కొసనే.

మాటల చికిత్స యనగానే ఓదార్పు మాటలని కొందఱును, హితబోధ యని కొందఱును తలంతురు. ఆ రెండును కాదు. దీనిని ఆంగ్లమున కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ యందురు. ఆలోచనను, అలవాటును కలిపి సరిదిద్దు చికిత్స యని మనము చెప్పుకొనవచ్చును. ఆలోచనలను పరీక్షించు పద్ధతిని ఆరన్ బెక్ అను వైద్యుడు 1960 దశకములో అమెరికాలో రూపొందించినాడు. మంచమునకును నిద్రకును మధ్య తెగిపోయిన చుట్టరికమును మరల కలుపు పద్ధతిని రిచర్డ్ బూట్జిన్ 1972లో వివరించినాడు. మంచముపై గడుపు కాలమును కుదించు పద్ధతి స్పీల్‌మన్‌ది. ఈ మూడు పాయలును కలిసి నిద్రలేమికి చికిత్సయైనవి. దీర్ఘకాలపు నిద్రలేమికి మాత్రలకంటె ముందుగా ఈ చికిత్సనే చేయవలెనని అమెరికా వైద్యుల కళాశాల 2016లో సిఫారసు చేసినది.

ఇది నడచు తీరు మన వర్తకుని ఉదాహరణగా గొని చూతము. చికిత్స సాధారణముగా వారమునకొక పర్యాయము చొప్పున ఆఱు నుండి ఎనిమిది కూటములు జరుగును. మొదటి కూటములో వైద్యుడుగాని మనశ్శాస్త్రజ్ఞుడుగాని మందు వ్రాయడు. ఒక చిట్టా పుస్తకము చేతికిచ్చును. అంగడిలో జమాఖర్చు వ్రాయు మనిషికి ఇది క్రొత్త కాదు. ప్రతి ఉదయము ఆఱు సంగతులు వ్రాయవలెను: ఎప్పుడు పడుకొన్నది, ఇంచుమించుగా ఎప్పుడు నిద్ర పట్టినది, ఎన్నిసార్లు లేచినది, ఎప్పుడు మేల్కొన్నది, ఎప్పుడు మంచము దిగినది, పగలు ఎంతసేపు పడుకొన్నది. బడలిక ఎంత యున్నదో పదికి ఇన్ని పాళ్ళని ప్రక్కన వేయవలెను. జ్ఞాపకము తప్పుచున్న వాడైనచో భార్య వ్రాయవచ్చును.

రెండు వారముల చిట్టా కూడిక వేసినారు. రాత్రి తొమ్మిది నుండి ఉదయము ఏడు వఱకు, అనగా పది గంటలు మన వర్తకుడు మంచముపై నున్నాడు. నిజముగా నిద్రించినది సగటున ఆఱు గంటలు. పదింట ఆఱు, అనగా నూటికి అఱువది. మంచిగా నిద్రించువానికి ఈ లెక్క నూటికి ఎనుబదియైదు దాటవలెను. మిగిలిన నాలుగు గంటలు మంచము మీద జరిగినది నిద్ర కాదు, యుద్ధము.

ఇప్పుడు చికిత్సకుడు చెప్పు మాట వినుటకు విపరీతముగా తోచును: “ఆఱు గంటలే నిద్ర వచ్చుచున్నది గదా, మంచము మీద పది గంటలేల? కొన్నాళ్ళు ఆఱున్నర గంటలే ఉండుడు.” రాత్రి పదకొండుకు పడుకొని, ఉదయము అయిదున్నరకు లేవవలెను. రాత్రి నిద్ర పట్టినను పట్టకున్నను లేచు వేళ మారరాదు. ఆదివారము లేదు, పండుగ లేదు. మొదటి వారము కష్టముగా నుండును. కాని నిద్ర ఆకలివంటిది. చిరుతిండ్లు మానినవానికి భోజనవేళకు ఆకలి గట్టిగా వేయునట్లు, పడక కాలము తగ్గించినవానికి నిద్ర ఒకచోట చేరి చిక్కబడును. వారపు లెక్కలో నూటికి ఎనుబదియైదు దాటినచో పదునైదు నిమిషములు కలుపుదురు. ఇట్లు వారము వారము పెంచుచు పోదురు. ఎంత తక్కువైనను అయిదు గంటలకు దిగువకు పోరు. తలదెబ్బ తగిలిన వారి విషయములో ఈ కుదింపు మఱింత మెల్లగా జరుగవలెను. మూర్ఛవ్యాధి కలవారికి నిద్ర తగ్గించుట ప్రమాదకరము గనుక వైద్యుని అనుమతి లేనిదే ఈ భాగమును తలపెట్టరాదు. ఈ దినములలో బండి నడుపుట, యంత్రముల కడ పనిచేయుట తగదు.

రెండవ నియమము మంచమును గూర్చినది. మంచము నిద్రకొఱకే. అచట కూర్చుండి లెక్కలు చూచుట, ఫోను చూచుట, చింతించుట పనికిరాదు. ఇరువది నిమిషములు గడచినట్లు తోచినను నిద్ర పట్టనిచో లేచి, వేఱొకచోట మసక వెలుతురులో ప్రశాంతముగా కూర్చుండి, కన్నులు బరువైన తరువాతనే మరల పడుకొనవలెను. ఒకటే గది యున్న యింటిలో ఇదెట్లు సాధ్యమని అడుగవచ్చును. ఇచట మన పాత అలవాటొకటి అక్కరకు వచ్చును. మన యిండ్లలో రాత్రి చాప పఱచి, తెల్లవారగానే చుట్టి మూలనుంచుట మామూలే. పడుకొను వేళకే చాప పఱచుడు, లేవగానే చుట్టివేయుడు. చుట్టిన చాప మీద ఎవ్వరును పగలు పడుకొనలేరు. నగరములలోని పెద్ద గదులకు ఏర్పఱచిన నియమము మన పేదయింటి చాపతో ఇంకను చక్కగా నెఱవేఱును.

మూడవది పగటి నిద్ర. ఎండకాలపు మధ్యాహ్నము మన ప్రాంతమున కునుకు తీయనివారు అరుదు. మెదడు గాయపడినవానికి పగటి విశ్రాంతిని పూర్తిగా మాన్పించుట మంచిది కాదు. కనుక మూడు గంటలలోపల, ఇరువది ముప్పది నిమిషములు మాత్రమే, అలారము పెట్టుకొని పడుకొనవచ్చును. మధ్యాహ్నము తరువాత కాఫీ, టీలు మానవలెను. ఉదయము లేవగానే అరగంట వెలుతురులో తిరుగవలెను. కాలువగట్టుగాని, మేడపైన గాని, వాకిలిగాని చాలును. ఉదయపు వెలుగు మెదడులోని గడియారమును సరిచేయును. దోమల కాలములో తెర కట్టుకొనుటయు చికిత్సలో భాగమే.

నాలుగవది ఆలోచన. రాత్రి రెండు గంటలకు మేల్కొన్న మనిషి మనసులో ఒక మాట తిరుగుచుండును: “ఈ రాత్రి నిద్ర లేకున్న రేపు అంగడి నాశనము. నా మెదడు ఇక బాగుపడదు.” చికిత్సకుడు దీనిని కాదని వాదింపడు. చిట్టా తెఱచి చూపును. “గడచిన గురువారము నాలుగు గంటలే నిద్రించినారు. శుక్రవారము అంగడిలో మూడు గంటలు కూర్చుంటిరి. లెక్క తప్పలేదు. ఆదివారము ఏడు గంటలు నిద్రించినారు, అయినను బడలిక ఎక్కువే. ఆనాడు ఇంటినిండ చుట్టములు.” అప్పుడా మనిషికి తనంతట తానే తెలియును: బడలికకు నిద్ర ఒక్కటే కారణము కాదు, ఒక్క రాత్రి చెడినంత మాత్రమున మఱునాడు చెడదు. భయము తగ్గినచో నిద్రకు అడ్డు తగ్గును. వాదనకంటె చిట్టా బలమైనది.

బడలికకు చికిత్స వేఱొక పాఠము. కృష్ణా పశ్చిమ డెల్టాలో రేపల్లె వైపు శివారు భూముల రైతులకు ఈ పాఠము చెప్పనక్కఱలేదు. ప్రకాశము బ్యారేజీ కడ వదలిన నీటిని ఎగువ పొలములవారు ఇష్టము వచ్చినట్లు పెట్టుకొన్నచో శివారునకు చేరునది బురదయే. నీరు తక్కువైన యేట వంతులు పెట్టుకొందురు. గాయపడిన మెదడు శక్తియు అట్టిదే. కొంచెము ఓపిక కలిగిన ఉదయమున నిన్నటి పని, నేటి పని, రేపటి పని కలిపి చేయబూనుట, తరువాత రెండు దినములు మంచము పట్టుట, ఈ ఎగుడుదిగుడే బడలికను పెంచును. కనుక దినమును వంతులుగా విభజింపవలెను. లెక్కలు, బేరములవంటి తల పని ఉదయము నలువది నిమిషములు. అటుపిమ్మట అలసట రాకముందే పది నిమిషములు కన్నులు మూసికొని కూర్చుండుట. తరువాత సరకు సర్దుటవంటి చేతి పని. బాగున్న దినమున పెంచరాదు, బాగులేని దినమున పూర్తిగా మానరాదు. వారము వారము కొంచెము కొంచెముగా వంతు పెంచవలెను. అలసి ఆగుట కాదు, అలయకముందే ఆగుట ఇందలి కీలకము. క్రమముగా నడకవంటి తేలికయైన వ్యాయామము కూడ కలుపుదురు.

మెదడు దెబ్బ తిన్నవారికి ఈ చికిత్స చేయునప్పుడు మార్పులు కొన్ని అవసరము. చెప్పినది మఱచిపోదురు గనుక ప్రతి కూటము చివర రెండు మూడు మాటలు కాగితముపై పెద్ద అక్షరములతో వ్రాసి ఇయ్యవలెను. గంటసేపు వినలేనివారికి నడుమ విరామమీయవలెను. ఒకటే పాఠమును మరల మరల చెప్పవలెను. ఇంటివారిలో ఒకరు తప్పక కూర్చుండవలెను. అన్నిటికంటె ముఖ్యము, చికిత్స రోగి మాటలాడు భాషలో జరుగవలెను. గుండెనొప్పిని ఏ భాషలో చెప్పినను యంత్రము కొలుచును. కాని రాత్రి రెండు గంటల భయమును మనిషి తన యింటి తెలుగులోనే చెప్పగలడు.

దీనివలన నిజముగా మేలు కలుగునా యని ప్రశ్నించుట న్యాయమే. కెనడాలోని క్యుబెక్‌లో మరీ క్రిస్టీన్ వెలెట్, చార్లెస్ మోరిన్ అను పరిశోధకులు తలదెబ్బ తరువాత నిద్ర చెడిన పదకొండుమందికి ఎనిమిది వారములు ఈ చికిత్స చేసి 2007లో ఫలితములు ప్రకటించినారు. పదకొండుమందిలో ఎనిమిదిమందికి స్పష్టమైన మేలు కలిగినది. రాత్రి మేల్కొని యుండు కాలము సగటున సగమునకు పైగా తగ్గినది. మంచము మీది కాలములో నిద్ర పాలు నూటికి డెబ్బదియేడు నుండి ఎనుబదియెనిమిదికి దరిదాపుగా పెరిగినది. మూడు నెలల తరువాత చూచినను ఆ మేలు చాలవఱకు నిలిచినది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో జెనీ పాన్స్‌ఫర్డ్ బృందము 2017లో ప్రకటించిన పరిశోధనలో ఇరువది నలుగురిని రెండు వర్గములుగా చేసి, ఒక వర్గమునకు మామూలు వైద్యముతోపాటు నిద్రకును బడలికకును కలిపి ఎనిమిది కూటముల చికిత్స చేసినారు. ఆ వర్గము వారి నిద్ర మెఱుగైనది, దినదినపు బడలిక తగ్గినది, దిగులును తగ్గినది. ఇవి చిన్న పరిశోధనలే. అందఱికిని మేలు కలుగునని ఇవి చెప్పుట లేదు. తెగిన నరపు పోగులను మాట అతుకజాలదు. కాని ప్రమాదము తక్కువ, వ్యయము తక్కువ యైన చికిత్స ఇంత మేలు చేయుట సామాన్యము కాదు.

ఈ చికిత్స మొదలుపెట్టుటకు ముందు వైద్యుడు కొన్ని సంగతులు పరీక్షింపవలెను. రోగి గట్టిగా గుఱకపెట్టుచు, నడుమ ఊపిరి ఆగినట్లగుచు ఉలికిపడుచున్నాడా? అట్లైనచో అది నిద్రలో శ్వాస ఆగు జబ్బు కావచ్చును. దానికి వేఱు చికిత్స. రక్తహీనత, థైరాయిడ్ లోపము, తలనొప్పి, దిగులు, వాడుచున్న మందుల మత్తు, ఇవియు బడలికను కలిగించును. తలదెబ్బ తరువాత మెదడు అడుగుననున్న పిట్యూటరీ గ్రంథి మందగించుటయు కొందఱిలో కలదు. ఇక తలనొప్పి దినదినము పెరుగుట, వాంతులు, మాట తడబడుట, ఒక ప్రక్క బలహీనత, మూర్ఛ, లేపినను లేవని మగత, వీనిలో ఏది కనబడినను అది నిద్ర సంగతి కాదు. వెంటనే ఆసుపత్రికి పోవలెను. వృద్ధులలో చిన్న దెబ్బకు కూడ వారముల తరువాత పుర్రెలోపల నెత్తురు గూడుకట్టవచ్చును.

మందుల దుకాణములో అడిగి తెచ్చుకొను నిద్రమాత్రలను గూర్చి ఒక హెచ్చరిక. అవి కొన్ని దినములు నిద్ర తెప్పించును. కాని దెబ్బ తిన్న మెదడుకు మఱపును, తూలుటను పెంచును, అలవాటుగా మాఱును. ఇదివఱకే వాడుచున్నవారు హఠాత్తుగా మానుటయు ప్రమాదమే. వైద్యుని సలహాతో మెల్లగా తగ్గింపవలెను. నిద్రకొఱకని మద్యము త్రాగుట మఱియు చెఱుపు. అది తొలి జామున కన్ను మూయించి, తెల్లవారుజామున మేల్కొలుపును, మూర్ఛలను రేపును.

ఇక ఇది మనకెచట లభించును? ఇట్టి చికిత్సలో శిక్షణ పొందినవారు మన చిన్న పట్టణములలో ఇంకను అరుదు. తెనాలిలో జిల్లా ఆసుపత్రి కలదు. బాపట్ల, రేపల్లెలలో ప్రభుత్వ ఆసుపత్రులు కలవు. బాపట్ల 2022లో జిల్లా కేంద్రమైనది. ఈ చోటుల వైద్యులు ప్రాథమిక పరీక్షలు చేసి, అవసరమైనచో గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికిగాని, మంగళగిరిలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకుగాని పంపగలరు. అచటి మనోవైద్య విభాగములో “తలదెబ్బ తరువాత నిద్ర లేదు, మాటల చికిత్స కావలెను” అని అడుగుటకు సంకోచింపరాదు. మనోవైద్యుని కడకు పోయినంత మాత్రమున మతి చెడినదని అర్థము కాదు. ప్రతి వారము ప్రయాణము చేయుటయే ఒక బడలిక గనుక కొన్ని కూటములు ఫోనుపై జరుపుకొనవచ్చును. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవను 14416 నంబరుపై ఉచితముగా పిలువవచ్చును, తెలుగులోను మాటలాడుదురు. అది సంపూర్ణ చికిత్స కాకున్నను, దారి చూపు తొలి మెట్టు.

చికిత్సకుడు వారమునకు ఒక గంట ఉండును. మిగిలిన గంటలన్నియు ఇంటివారివి. కనుక వారికొక విన్నపము. “నీవు పైకి బాగానే ఉన్నావు గదా” అను మాటను మానుడు. ఆ మాట మెచ్చుకోలుగా అన్నను అభియోగముగా వినబడును. చూడవచ్చు చుట్టములను ఒకే దినమున రానీయకుడు. ఒకేసారి ఇద్దఱు మాటలాడకుడు. టెలివిజను మ్రోగుచుండగా లెక్కలు అడుగకుడు. ఉదయము లేపవలసిన వేళకు లేపుడు. కాని సోమరియని లేపకుడు, చికిత్స యని లేపుడు. రాత్రంతయు మేల్కొని రోగిని కనిపెట్టుకొని యుండు భార్యకును, తల్లికిని నిద్ర కావలెను, వారికిని వంతులుండవలెను.

మన వర్తకుని యిల్లు మరల చూతము. చికిత్స ముగియునాటికి అతడు దెబ్బకు పూర్వపు మనిషి కాలేదు. ఉదయము మూడు గంటలు, సాయంకాలము రెండు గంటలు అంగడిలో కూర్చుండగలుగుచున్నాడు. రద్దీ వేళ తమ్ముడు కూర్చుండును. రాత్రి ఆఱున్నర, ఏడు గంటలు నిద్రించుచున్నాడు. ఎప్పుడైన రెండింటికి మెలకువ వచ్చినను అది ప్రళయమని అనుకొనుట లేదు. తల్లి కోపము తగ్గినది. కొడుకు మంచము పట్టినది సోమరితనమున కాదని చిట్టా చూచి తెలిసికొన్నది. ఇంతకు మించి వాగ్దానము చేయుట శాస్త్రమునకు తగదు. ఇంతమాత్రమును పొందకుండ ఒక కుటుంబమును విడిచివేయుట మనకు తగదు.

తుదిమాట అందఱికిని తెలిసినదే. ద్విచక్ర వాహనము నడుపువారును, వెనుక కూర్చుండువారును హెల్మెట్ ధరింపవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 129వ విభాగము చెప్పుచున్నది. చాలమంది దానిని బండికి తగిలించి తిరుగుదురు, పోలీసులు కనబడినప్పుడు తలకెత్తుదురు. పుర్రె విఱుగుట ఒక క్షణము. ఒక రాత్రి నిద్రను తిరిగి సంపాదించుకొనుట నెలల పని. ఆ నెలల శ్రమను ఎఱిగినవారు ఎవ్వరును హెల్మెట్‌ను బండికి తగిలింపరు.